పెట్టెలోపలి చీటీ



ఈ బల్ల మీద రెండు పెట్టెలున్నాయి. ఒకటి కర్రపెట్టె రేడియో: ముందు గుడ్డ, కింద రెండు నాబులు, మధ్యలో అంకెల గాజు పట్టీ. రెండోది నాలుగు కొమ్ముల నల్లటి వైఫై రౌటర్. రెండింటి మూతలూ విప్పి తెచ్చాను. రేడియో వెనక మూతకు లోపలివైపు ఒక చీటీ అతికించి ఉంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు కనిపిస్తూ ఉండాలి. కాగితం పచ్చబడింది కానీ సిరా చెదరలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఆ చీటీ గురించే.

ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన్ని హైదరాబాద్ మొఘల్‌పురాలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. తెలుగిండ్లలోనూ ఉర్దూ ఇండ్లలోనూ ఆయన ఉస్తాదే. అచ్చుప్రతిలో కూడా ఆ పిలుపే ఉండనివ్వమని నిర్వాహకులను కోరాను, ఒప్పుకున్నారు.

ఉస్తాద్ రేడియో మరమ్మతు దుకాణంలో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి గడప మీద నిలబడాలి. నేను మొదట మా అమ్మ రేడియో పట్టుకొని వెళ్లాను. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆ గడప మీదే ఉన్నాను. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కిందో లేదో చూడడం, విప్పిన స్క్రూలను వరుసగా పెట్టడం, డయల్ దారం తెగితే మూడు చుట్లు ఎటునుంచి ఎటు తిప్పాలో గుర్తుంచుకోవడం నా పనులు. ఇంజనీరింగు కాలేజీలో నాకు ఎందరో మంచి అధ్యాపకులు దొరికారు. అయినా యంత్రం ముందు ఎట్లా కూర్చోవాలో నేర్పినవాడు ఉస్తాదే.

ఈ ఊరికి తరంగాలు కొత్త కాదు. 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వం చేతుల్లో మాట్లాడడం మొదలుపెట్టింది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. మా చిన్నప్పుడు 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ‘ఏ’ కేంద్రం, 1377 మీద ‘బి’ కేంద్రం. ఈ రెండు అంకెలూ ఉస్తాద్ దగ్గరకు వచ్చే ప్రతి పెట్టెకూ పరీక్ష. ఒకటి డయల్‌కు ఎడమవైపు, ఇంకొకటి కుడి చివర. రెండూ సాఫీగా పడితే సెట్టు బాగైనట్టే.

ఇక చీటీ సంగతి. ఒకరోజు ఈ రేడియోనే వచ్చింది. స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకులు వంగి, ఒకదానికొకటి తగులుతున్నాయి. కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగినా దాని జోడు దొరకలేదు. వేరే సెట్టుది తెచ్చి బిగించారు. రేడియో తెలిసినవాళ్లకు తర్వాత జరిగేది తెలుసు. స్టేషన్‌ను పట్టే భాగమూ, లోపల పుట్టే తరంగమూ ఎప్పుడూ 455 కిలోహెర్ట్జ్ ఎడంతో జంటగా నడవాలి. గ్యాంగ్ మారితే ఆ నడక తప్పుతుంది. కింది చివర కాయిల్ తిప్పి సరిచేస్తే పై చివర చెడుతుంది, పైన ట్రిమ్మర్ తిప్పితే కింద చెడుతుంది. ఉస్తాద్ రెండు పూటలు కూర్చున్నారు. చివరికి 738 స్పష్టంగా వచ్చింది. 1377 దగ్గర గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టే ఉండిపోయింది. గాజు పట్టీ మీద మాత్రం 530 నుంచి 1600 దాకా అంకెలు నిక్షేపంగా ఉన్నాయి.

అప్పుడాయన కాగితం చింపి, తెలుగులోనూ ఉర్దూలోనూ రాశారు: ఈ సెట్టు 600 నుంచి 1200 దాకా, పైన పట్టదు, గ్యాంగు మార్చినది. తేదీ వేసి మూతకు లోపలివైపు అతికించారు. సెట్టు యజమానికి నోటితో చెబితే సరిపోదా అని అడిగాను. “నేను ఈయనకు చెప్తే ఈయనకే తెలుస్తది. రేపు ఈ పెట్టె ఎవరి చేతిల పడ్తదో ఎవరికెరుక? మూత తీసినోనికి చెప్పాలె” అన్నారు.

ఆ మాట నాకు మళ్లీ పనికొచ్చింది ఈ రెండో పెట్టె వల్ల. దీన్ని జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. లోపల మూడు రేడియోలు: 2.4 గిగాహెర్ట్జ్‌ది ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌వి రెండు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి, లైనక్స్ మీద నడిచే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాను. మా ఇల్లు పాత దేవడీలో ఒక ముక్క. రాతి గోడలు, డంగుసున్నం, మూరెడు మందం. పక్కింట్లో అంతా కొత్త పిల్లర్లు, ఇనుము. 2.4లో ఒకదానికొకటి తగలకుండా నిలిచే చానెళ్లు మూడే, 1, 6, 11. మా గల్లీలో ఆ మూడింటి మీద ఎన్ని పెట్టెలు అరుస్తున్నాయో రాత్రి పూట లెక్కపెడితే తెలుస్తుంది. అందుకని 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండింటినీ వాడుకోవాలనుకున్నాను. ఒకటి మా ఇంటికి, ఇంకొకటి గోడ అవతల చదువుకుంటున్న పిల్లలకు. మొదటిదాన్ని 36వ చానెల్ మీద, రెండోదాన్ని 44 మీద పెట్టాను. రౌటర్ చూపే జాబితాలో రెండింటికీ అన్ని చానెళ్లూ తెరిచే ఉన్నాయి.

మా ఇంటిది బాగా నడిచింది. పిల్లలది గది దాటలేదు. పాఠం మధ్యలో తెగిపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. గోడ మందమన్నాను. అడాప్టర్ మార్చాను. కొమ్ముల దిక్కు మార్చాను. మూడు వారాలు ఆ పిల్లల చదువు నా వల్ల పాడైంది. అది నేను మరిచిపోలేదు. చివరికి ఉస్తాద్ చెప్పిన పని చేశాను, మూత తీశాను.

రెండు రేడియోలకూ చిప్పు ఒకటే, అచ్చంగా ఒకటే. కానీ చిప్పుకూ యాంటెన్నాకూ నడుమ ఉన్నవి ఒకటి కాదు. చిప్పు నుంచి బయలుదేరిన తరంగం పవర్ యాంప్లిఫయర్‌లో బలం పుంజుకొని, ఫిల్టర్ గుండా వడపోత పడి, యాంటెన్నా చేరుతుంది. ఆ ఫిల్టర్లు వేరు. ఒక రేడియోకు 5 గిగాహెర్ట్జ్ పట్టీలో కింది సగం వదిలేది పెట్టారు, ఇంకొకదానికి పై సగం వదిలేది. నేను పై సగం రేడియోను కింది సగంలో మాట్లాడమన్నాను. అది మాట్లాడింది. దాని గొంతు ఫిల్టర్ దగ్గరే ఆగిపోయింది.

అట్లా ఎందుకు పెడతారు? ఒకే పెట్టెలో రెండు రేడియోలు ఒకే పట్టీలో పనిచేస్తే, ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదానికి చెవులు మూసుకుపోతాయి. పక్కన పంపేది వంద మిల్లీవాట్లనుకుందాం. అవతలి గదిలోని ఫోను నుంచి వచ్చే సంకేతం అందులో వందకోట్లో వంతు ఉండడం మామూలే. బోనాల ఊరేగింపు లాల్‌దర్వాజా దాటుతున్నప్పుడు పక్కన నిలబడి ఎవరైనా గుసగుసగా చెబితే వినగలమా? ఆ రెండు రేడియోలూ బతకాలంటే మధ్యలో గట్టి వడపోత తప్పదు. కంపెనీవాళ్ల ఇంజనీరింగులో తప్పు లేదు. ఆ సంగతి ఎక్కడా రాసి లేకపోవడమే తప్పు.

చిప్పు 36 నుంచి 165 దాకా అన్నీ చేయగలనంటుంది. అది అబద్ధం కాదు, తన మేరకు అది నిజమే చెబుతున్నది. తన చుట్టూ ఏ బోర్డు కట్టారో, తన ముందు ఏ ఫిల్టర్ నిలబెట్టారో దానికి తెలిసే దారి లేదు. ఇదే చిప్పును ఇంకో కంపెనీ ఇంకో పెట్టెలో ఫిల్టర్ లేకుండా పెట్టి ఉండొచ్చు. అంటే ఈ నిజం చిప్పుది కాదు, ఈ బోర్డుది. బోర్డు తరఫున మాట్లాడేవాళ్లు ఒకరు కావాలి.

లైనక్స్‌లో బోర్డు తరఫున మాట్లాడేది డివైస్ ట్రీ. సన్ కంపెనీ యంత్రాల కోసం పుట్టి, 1994లో ఐఈఈఈ 1275 అనే ప్రమాణంగా అచ్చయిన ఓపెన్ ఫర్మ్‌వేర్ దీనికి మూలం. 2011లో ఆర్మ్ చిప్పుల బోర్డులు వెల్లువెత్తి, ఒక్కో బోర్డుకు ఒక్కో సీ ఫైలు రాసి లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లో కుక్కుతుంటే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే కోప్పడ్డారు. ఆ తర్వాత ఆర్మ్ లోకమంతా డివైస్ ట్రీ వైపు మళ్లింది. ఇందులో ప్రోగ్రాము ఉండదు, వర్ణన మాత్రమే ఉంటుంది. ఈ బోర్డు మీద ఫలానా చోట ఫలానా చిప్పు ఉంది, దాని తీగ ఇక్కడికి వచ్చింది, ఈ దీపం ఈ కాలికి కలిపారు. చెట్టుకొమ్మల్లా ఒకదాని కింద ఒకటి. కెర్నల్ లేవగానే ఈ చిట్టా చదువుకొని, తాను ఏ ఇంట్లో ఉందో తెలుసుకుంటుంది.

ఆ చిట్టాలో వైర్‌లెస్ చిప్పు కింద ఒక వరుస రాయడానికి చోటు కల్పించినవాడు పోలండ్‌కు చెందిన రఫాల్ మిలెట్‌స్కీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో చాలాకాలం పనిచేసిన ప్రోగ్రామర్. 2017 జనవరిలో ఆయన పంపిన మార్పు ఆ ఏడాది ఏప్రిల్ 30న వెలువడిన లైనక్స్ 4.11లో చేరింది. ఆ వరుస పేరు ఐఈఈఈ80211-ఫ్రీక్-లిమిట్. పేరు పలకడానికి కష్టమే. పని మాత్రం ఉస్తాద్ చీటీ పనే: ఇక్కడి నుంచి ఇక్కడి దాకా, అంతే.

ఉదాహరణకు నెట్‌గేర్ ఆర్8000 అనే పెట్టె తీసుకోండి. అందులోనూ రెండు 5 గిగాహెర్ట్జ్ రేడియోలు, చిప్పు ఒకటే. లైనక్స్‌లో దాని డివైస్ ట్రీ తెరిస్తే ఒక రేడియో కింద 5170000, 5730000 అని, ఇంకొకదాని కింద 5735000, 5835000 అని ఉంటుంది. అంకెలు కిలోహెర్ట్జ్‌లలో. రెండు అంకెలు ఒక జత. కావాలంటే జతలు ఎన్నయినా రాయొచ్చు, మధ్యలో ఖాళీ వదలొచ్చు. ఇంత చిన్న మాట రాసిన తర్వాత ఆ పెట్టె కొన్నవాడు ఎవరైనా సరే, 36వ చానెల్‌ను తప్పు రేడియోకు ఇవ్వలేడు. జాబితాలో దాని ఎదుట మూసి ఉందని కనిపిస్తుంది. మూడు వారాలు గోడను తిట్టుకోనక్కరలేదు.

ఇంజనీరింగు విద్యార్థులు చాలామంది వచ్చారు కాబట్టి ఈ వరుస రాసేటప్పుడు కాలు జారే చోట్లు చెప్పి ముందుకు పోతాను. చానెల్ అంటే ఒక గీత కాదు, వెడల్పున్న మడి. 36వ చానెల్ నడుమ 5180 మెగాహెర్ట్జ్. దాని గట్లు 5170, 5190. కెర్నల్ 20 మెగాహెర్ట్జ్ వెడల్పు మడి మొత్తం మీరు చెప్పిన హద్దుల్లో పడుతుందా అని చూస్తుంది. ఒక్క గట్టు బయట పడినా ఆ చానెల్‌ను మూసేస్తుంది. 2.4లో 1 నుంచి 13 దాకా కావాలని, వాటి నడుములు చూసి 2412 నుంచి 2472 దాకా అని రాశారనుకోండి. 1, 2, 12, 13 చానెళ్లు పోతాయి. రాయాల్సింది 2402 నుంచి 2482 దాకా. పొలం కొలిచేవాడు మధ్యలో పాతిన రాయి నుంచి కాదు, గట్టు నుంచి గట్టుకు గొలుసు పట్టాలి. ఇంకొకటి, కిలోహెర్ట్జ్ అని మరిచి మెగాహెర్ట్జ్‌లో రాస్తే ఒక్క చానెల్ కూడా మిగలదు. రేడియో చచ్చిపోయిందనుకొని పెట్టె పారేస్తారు.

మూడోది డ్రైవర్ రాసేవాళ్ల కోసం. చిప్పు తన చానెళ్ల జాబితా ఇచ్చిన తర్వాత, ఆ యంత్రాన్ని కెర్నల్‌లో నమోదు చేయకముందే ఈ హద్దులు చదవాలి. ఎందుకంటే నమోదు సమయంలో ఉన్న స్థితినే కెర్నల్ అసలు స్థితిగా గుర్తుంచుకుంటుంది. తర్వాత ఏ దేశపు నియమాలు వచ్చినా ఆ అసలు స్థితి మీదే వచ్చి కూర్చుంటాయి. దేశపు నియమం ఇంకొన్ని తలుపులు మూయగలదు. బోర్డు మూసిన తలుపును అది తెరవలేదు. ఈ వరుసక్రమం నాకు చాలా నచ్చుతుంది. ప్రకృతి చెప్పే ‘కాదు’, చట్టం చెప్పే ‘కాదు’, ఈ రెండూ ఒకటి కావని కెర్నల్‌కు తెలుసు.

ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఈ తేడాయే.

మన దేశంలో 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోకూడదన్నది. ఇండ్లలో వైఫై పెట్టుకోగలుగుతున్నామంటే కొన్ని పట్టీలకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వడం వల్లే. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి మినహాయింపు వచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో కొంత భాగం ఇంటి లోపలి వాడకానికి విడిచారు. 5470 నుంచి 5725 దాకా మాత్రం మూసే ఉంది. 2018 అక్టోబరులో కొత్త నియమాలు ఆ భాగాన్నీ తెరిచాయి. 5150 నుంచి 5350, 5470 నుంచి 5875. మొత్తం 605 మెగాహెర్ట్జ్. దీనికి చాలా ముందే, 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. క్రికెట్ ప్రసారాల మీద వచ్చిన ఆ కేసులో తీర్పు రాసినవారిలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆస్తి ప్రజలదైనప్పుడు దాని హద్దురాళ్లు ఎవరు పాతారో, ఎందుకు పాతారో ప్రజలకు చదివే వీలుండాలని నేను ఆ తీర్పు నుంచి అర్థం చేసుకుంటాను.

ఇప్పుడు ఆలోచించండి. 2018కి ముందు ఒక ఇంజనీరు, భారతదేశంలో 5500 ప్రాంతం నిషేధం కదా అని, దాన్ని డివైస్ ట్రీలో హార్డ్‌వేర్ హద్దుగా రాశాడనుకుందాం. ఉద్దేశం మంచిదే. కానీ ఆ అక్టోబరులో చట్టం తలుపు తీశాక కూడా ఆ పెట్టెలో తలుపు మూసే ఉంటుంది. దేశాల నియమాలుండే చిట్టాలో కొత్త అంకెలు వచ్చినా ఆ పెట్టెకు అందవు. వాడేవాడు యంత్రానికి చేతకాదనుకుంటాడు, నిజానికి యంత్రానికి చేతనవును. చట్టం మాటను ప్రకృతి గొంతుతో చెప్పడం వల్ల వచ్చిన నష్టం అది.

దీన్నే తిప్పి చూడండి. మన నియమాలు 5875 దాకా అనుమతిస్తాయి కాబట్టి 169, 173 చానెళ్లు కూడా మనకున్నాయి. ఇందాక చెప్పిన పెట్టెలో రెండో రేడియో హద్దు 5835. అంటే 165తో సరి. చట్టం రమ్మంటున్నది, ఫిల్టర్ వద్దంటున్నది. ఇక్కడ ఫిల్టర్ మాట రాయకుండా దేశం పేరు చూసి అన్నీ తెరిచేస్తే, 173 మీద ఆ రేడియో అరిచిన అరుపు ఎక్కడికీ పోదు, కరెంటు మాత్రం ఖర్చవుతుంది. ప్రకృతి మాటను చట్టంతో కప్పేయడం వల్ల వచ్చే నష్టం ఇది.

అందుకే రెండు చీటీలు వేర్వేరుగా ఉండాలంటాను. దేశం చీటీ దేశాల చిట్టాలో, బోర్డు చీటీ బోర్డు చిట్టాలో. ఒకదాన్ని ఢిల్లీలో గెజెట్ మారుస్తుంది. రెండోదాన్ని మార్చాలంటే ఎవరో సోల్డరింగ్ కడ్డీ పట్టుకొని ఫిల్టర్ తీయాలి. ఎవరికి ఏది మార్చే అధికారం ఉందో చీటీ ఉన్న చోటే చెబుతుంది. బోర్డు చీటీని ఊహించి రాయకూడదు. కొలిచి రాయాలి, లేదా బోర్డు మీద అతికిన ముక్కను గుర్తుపట్టి రాయాలి. ఉస్తాద్ రెండు పూటలు కూర్చున్నాకే 600, 1200 అని రాశారు. దానికి ముందు అడిగినవాళ్లకు ఆయన చెప్పింది “చూస్తున్న” అన్న ఒక్క మాటే.

ఈ పని ఎవరు చేయాలి? కంపెనీలు చేయాలి, కొన్ని చేస్తాయి. కానీ మన చేతికొచ్చే పెట్టెల్లో చాలావాటికి చీటీ లేదు. ఆ పెట్టెలు చివరికి వచ్చేది ఇట్లాంటి పేటలకే. కొత్తగా కొన్నవాళ్లు రెండు మూడేళ్లకు మార్చేస్తారు. అవి జుమ్మేరాత్ బజార్‌లో గుట్టలుగా పడతాయి. అక్కడి నుంచి మదర్సాకూ, ట్యూషన్ సెంటర్‌కూ, జిరాక్స్ దుకాణానికీ చేరతాయి. సెకండ్‌హ్యాండ్ యంత్రంతో బతికేవాళ్లకు చీటీ అవసరం ఎక్కువ. కొత్తదాని వెనక కంపెనీ ఉంటుంది, పాతదాని వెనక మూత లోపలి కాగితం తప్ప ఎవరూ ఉండరు. సోమాజిగూడలో అమెచ్యూర్ రేడియో సంస్థ ఉన్న ఊరిది. తరంగాన్ని కొలవగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు. రేకు వంగితే చూపుతో పట్టేవాళ్లు, మొబైల్ బోర్డు మీద వెంట్రుకంత తీగ అతికించేవాళ్లు చార్మినార్ చుట్టూ ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్ల చేతికి తెలిసింది ఫైలులోకి ఎక్కడం లేదు, అంతే.

6 గిగాహెర్ట్జ్ కూడా వస్తున్నది. 5925 నుంచి 6425 దాకా తక్కువ శక్తితో వాడుకోనివ్వడానికి 2025 మే నెలలో ప్రభుత్వం ముసాయిదా నియమాలు వెలువరించింది. కొన్ని దేశాల్లో పై భాగం 7125 దాకా వైఫైకే ఇచ్చారు. ఆ దేశాల కోసం చేసిన పెట్టెలు, మన కోసం చేసిన పెట్టెలు, ఫిల్టర్ ఒక రకంవి, ఫిల్టర్ ఇంకో రకంవి, అన్నీ కలగలిసి ఇక్కడికి చేరతాయి. అప్పటికి ఏ పెట్టె నిజంగా ఎంతవరకు పలుకుతుందో మనలో కొందరికైనా రాసిపెట్టడం చేతకావాలి.

నా పెట్టె సంగతి చెప్పి ఆపుతాను. ఒక స్నేహితుడి ప్రయోగశాలలో రెండు రేడియోల ఫిల్టర్లనూ కొలిచాం. మొదటిది 5170 నుంచి 5330 దాకా బాగా వదులుతున్నది. రెండోది 5490 నుంచి 5835 దాకా. ఆ రెండు వరుసలూ దాని డివైస్ ట్రీలో రాసి, కొత్తగా ఎక్కించాను. రెండోదాన్ని 149 మీద పెట్టాను. గోడ అవతలి పిల్లల పాఠం ఆ రాత్రి తెగలేదు. ఆ తర్వాత ఒక కాగితం మీద అవే అంకెలు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, తేదీ వేసి, ఈ నల్ల మూతకు లోపలివైపు అతికించాను. సభ అయ్యాక దగ్గరకు వచ్చి రెండు చీటీలూ చూడండి. ఇంకా మూత తీయని పెట్టెలు మూడున్నాయి. స్క్రూడ్రైవర్లు తెచ్చాను.